స్కార్మ్ 1.2 పాత ప్యాకేజీలు: అలాగే ఉంచాలా, సీఎంఐ5కి మార్చాలా?

#1 · పాఠాలపెట్టె

మా ఆన్‌లైన్ పాఠాలన్నీ స్కార్మ్ 1.2 (పాఠం, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మాట్లాడుకునే ప్రమాణం) జిప్పులే, నడిచేది మూడుల్ అనే ఎల్ఎంఎస్ (పాఠాలు చూపి, మార్కులు దాచే సాఫ్ట్‌వేర్) మీద. ఇప్పుడున్న ఆథరింగ్ టూల్‌లో (పాఠాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) పబ్లిష్ నొక్కితే స్కార్మ్ 1.2, స్కార్మ్ 2004లో మూడు ఎడిషన్లు, ఏఐసీసీ, ఎక్స్‌ఏపీఐ, సీఎంఐ5 అంటూ ప్రమాణాల పేర్లతో ఇంత పొడుగు జాబితా వస్తోంది. మూడు సందేహాలు.

పాతవాటిని కొత్త ప్రమాణంలోకి మారిస్తే నిజంగా ఒరిగేదేమిటి? కొత్త పాఠాలకు స్కార్మ్ 2004 తీసుకుంటే ఏ ఎడిషన్? ఇక అసలు తలనొప్పి: పాఠం మొత్తం చదివి విండో మూసేసిన వాళ్లలో కొందరికి "అసంపూర్తి" అని పడుతోంది. ఇంకొందరికి మళ్లీ తెరిస్తే ఎప్పటిదో పాత స్లైడ్ వస్తోంది. ప్రమాణం మారిస్తే ఇది పోతుందా?

#2 · మానిఫెస్ట్‌మామ

మూడోది వేరేవాళ్లు చెబుతారు. మొదటిదానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. 1.2 ఇన్నేళ్లు ఎందుకు నిలబడిందో తెలిస్తే మార్చాలా వద్దా అన్నది సగం తేలిపోతుంది.

దీని వేళ్లు విమానయానంలో ఉన్నాయి. విమానాలు తయారుచేసేవాళ్లు, కొనేవాళ్లు కలిసి 1988లో ఏఐసీసీ అనే కమిటీ పెట్టుకున్నారు. ఒక్కో తయారీదారు ఇచ్చే శిక్షణ పాఠానికి ఒక్కో రకం కంప్యూటర్ కావలసి రావడం అప్పటి బాధ. వెబ్ వచ్చాక వాళ్లే హెచ్‌ఏసీపీ అనే పద్ధతి తెచ్చారు. పాఠం మామూలు ఫారం పోస్టుతో ఎల్ఎంఎస్‌కు సమాచారం పంపుతుంది, అంతే. చూడ్డానికి మొరటుగా ఉంటుంది కానీ పాఠం ఒక డొమైన్‌లో, ఎల్ఎంఎస్ ఇంకో డొమైన్‌లో ఉన్నా పనిచేస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, కింద అవసరం పడుతుంది.

1997లో అమెరికా రక్షణ శాఖ వైపు నుంచి ఏడీఎల్ అనే ఈ-లెర్నింగ్ కార్యక్రమం వచ్చింది. ఐఎంఎస్ అనే ప్రమాణాల సంస్థ కూడా ఆ ఏడాదే మొదలైంది (2022 నుంచి దాని పేరు 1ఎడ్‌టెక్). ఏడీఎల్ సొంతంగా కనిపెట్టింది తక్కువ. ఏఐసీసీ నుంచి డేటా మోడల్, ఐఎంఎస్ నుంచి ప్యాకేజింగ్ తీసుకుని ఒకచోట కట్టి స్కార్మ్ అని పేరు పెట్టింది. 1.0 వచ్చింది 2000 జనవరిలో, 1.2 వచ్చింది 2001 అక్టోబరులో.

ఆ 1.2 ఎల్ఎంఎస్‌ను అడిగేది చాలా కొంచెం. జిప్ విప్పాలి, అందులోని ఐఎంఎస్‌మానిఫెస్ట్ ఫైలు (ప్యాకేజీలో ఏముందో చెప్పే జాబితా) చదవాలి, పాఠం పేజీ తెరవాలి, ఆ పేజీకి దొరికేలా "ఏపీఐ" అనే జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్ పెట్టాలి. ఆ ఆబ్జెక్టులో ఫంక్షన్లు 8. మొదలుపెట్టడానికి (ఇనిషియలైజ్), ముగించడానికి (ఫినిష్) చెరొకటి, విలువ చదవడానికి, రాయడానికి, కమిట్ చేయడానికి (రాసింది భద్రం చేయమనడానికి) మూడు, ఎర్రర్ సంగతి అడగడానికి మూడు. స్టేటస్, మార్కు, సమయం, ఆగిన చోటు, సస్పెండ్ డేటా (మళ్లీ తెరిచినప్పుడు కొనసాగడానికి పాఠం దాచుకునే సమాచారం) లాంటివి కొన్నే తప్పనిసరి. ఒక్కో ప్రశ్నకు ఇచ్చిన జవాబు నిల్వ చేయడం కూడా 1.2లో ఎల్ఎంఎస్ ఇష్టం. ఇంత చిన్న పని కాబట్టే అందరూ పూర్తిగా చేశారు. ఆ తర్వాత వచ్చినవి ఎక్కువ అడిగాయి, ఎల్ఎంఎస్‌లు సగం సగం చేశాయి.

అందుకని నా మాట: పాఠం హెచ్‌టీఎంఎల్5లో ఉండి, మీకు కావలసింది "పూర్తయిందా, ఎంత మార్కు" అన్నంత వరకే అయితే ముట్టుకోకండి. మార్చడానికి నాకు కనిపించే కారణాలు రెండు. పాఠాన్ని ఎల్ఎంఎస్ బయట వేరే సర్వర్‌లో పెట్టాల్సి రావడం, లేదా పూర్తి-మార్కు దాటి ఇంకేదైనా రికార్డు కావలసి రావడం.

#3 · స్వాహాఫ్లాష్

మామగారూ, "హెచ్‌టీఎంఎల్5లో ఉండి" అని ఒక్క ముక్కలో దాటేశారు, గొడవంతా అక్కడే. 2001–2015 మధ్య పబ్లిష్ అయిన 1.2 ప్యాకేజీల్లో చాలావాటి లోపల ఉన్నది ఫ్లాష్. ప్లేయర్‌కు మద్దతు 2020 డిసెంబరు 31తో ఆగింది, 2021 జనవరి 12 నుంచి ప్లేయరే కంటెంట్‌ను ఆపేసింది. ప్యాకేజీ మాత్రం ఇప్పటికీ ఎల్ఎంఎస్‌లోకి ఎక్కుతుంది, తెల్ల పేజీ తెరుచుకుంటుంది. కొన్నింట్లో ఆ తెల్ల పేజీకే "పూర్తయింది" అని పడుతుంది. ఎందుకంటే 1.2 ప్రకారం పాఠం స్టేటస్ ఏమీ పెట్టకుండా ఫినిష్ పిలిస్తే ఎల్ఎంఎస్ దాన్ని కంప్లీటెడ్‌గా తీసుకోవాలి.

కాబట్టి మొదటి పని: ప్రతి జిప్‌లో ఎస్‌డబ్ల్యూఎఫ్ (ఫ్లాష్) ఫైళ్లు ఉన్నాయేమో వెతకండి. ఒక్కటున్నా దాన్ని పక్కన పెట్టండి. రఫుల్ లాంటి ఎమ్యులేటర్ బొమ్మ కదిలించగలదు. కానీ పాత ఫ్లాష్ పాఠం స్కార్మ్‌తో మాట్లాడేది బయటి జావాస్క్రిప్ట్ వంతెన మీదుగా, ఆ వంతెన నిలబడుతుందో లేదో ఒక్కో ప్యాకేజీకి విడిగా పరీక్షించాల్సిందే. మూల ప్రాజెక్టు ఫైలు ఉంటే తెరిచి మళ్లీ పబ్లిష్ చేయడం మేలు. ఒట్టి జిప్ మాత్రమే మిగిలితే దాన్ని "మార్చడం" అనరు, కొత్తగా కట్టడమే.

#4 · కమిట్‌కొట్టు

> ప్రమాణం మారిస్తే ఇది పోతుందా?

పోదు. మీరు చెప్పిన రెండు లక్షణాలకు కారణాలు వేర్వేరు.

మొదటిది, పూర్తి చేసినా అసంపూర్తి. విండో మూసే క్షణంలో అన్నీ ఒకేసారి పంపుదామని పాఠం ఆగి ఉంటుంది. ఒకప్పుడు ఇది పనిచేసేది. పేజీ మూసుకునేటప్పుడు సింక్రనస్ అభ్యర్థన వేస్తే జవాబు వచ్చేదాకా బ్రౌజర్ ఆగేది. 2020లో వచ్చిన క్రోమ్ 80 దాన్ని కట్ చేసింది. ఎల్ఎంఎస్‌లు ఆ తర్వాత బీకన్ పద్ధతికి (పేజీ మూసుకుంటున్నా బ్రౌజర్ వెనక నుంచి పంపడం) మారాయి. బీకన్‌కు సుమారు 64 కేబీ పరిమితి, పైగా జవాబు రాదు, కాబట్టి పోయిందో లేదో పాఠానికి తెలియదు. ఫోన్‌లో ఇంకా అన్యాయం: వాడేవాళ్లు వేరే యాప్‌లోకి వెళ్లి బ్రౌజర్‌ను తుడిచేస్తే అన్‌లోడ్ ఘటన అసలు జరగకపోవచ్చు.

మందు:
స్టేటస్‌ను చివరి స్లైడ్ చేరిన వెంటనే పెట్టి అక్కడే కమిట్ పిలవాలి. ఫినిష్ వరకు దాచకూడదు.
మధ్యలో కూడా స్లైడ్ మారినప్పుడల్లా లేదా 30–60 సెకన్లకోసారి కమిట్. ప్రతి క్లిక్కుకీ కొడితే సర్వర్ మీద భారం, పరీక్ష రోజున తెలుస్తుంది.
అన్‌లోడ్ మీద ఆధారపడకుండా పేజీ కనబడకుండా పోయే ఘటన దగ్గర కూడా కమిట్ పెట్టాలి.
పాఠంలో కనిపించే "ముగించు" బటన్ ఒకటి ఉండాలి. అది ఫినిష్ పిలిచి, ట్రూ వచ్చాకే విండో మూయాలి.
పాఠం కోడ్ మీ చేతిలో లేకపోతే మూడుల్ స్కార్మ్ సెట్టింగుల్లో ఆటో కమిట్ ఉంది, అది ఆన్ చేయండి.

ఇంకో రహస్య శత్రువు లాగిన్ గడువు. రెండు గంటలు పాఠం తెరిచి ఉంచి ఒక్క కమిట్ కూడా లేకపోతే సెషన్ చచ్చిపోతుంది. చివర్లో పంపింది లాగిన్ పేజీకి వెళ్లి పడుతుంది. పాఠం దృష్టిలో అంతా సవ్యమే.

రెండోది, పాత స్లైడ్ దగ్గర మొదలవడం. దీనికి నేను మొదట అనుమానించేది సస్పెండ్ డేటా నిండిపోవడం. 1.2లో దాని పరిమితి 4096 అక్షరాలు. ఏ స్లైడ్లు చూశారు, ఏ బటన్ ఏ స్థితిలో ఉంది, ఏ పెట్టెలో ఏం టైప్ చేశారు, అన్నీ టూల్ అందులోనే కుక్కుతుంది. నిండాక ఎల్ఎంఎస్ కొత్త విలువను 405 ఎర్రర్‌తో తిప్పి పంపుతుంది, పాతది అలాగే ఉండిపోతుంది. మీరు చూసే పాత స్లైడ్ అదే. కొన్ని ఎల్ఎంఎస్‌లు ఎర్రర్ ఇవ్వకుండా తోక కత్తిరించి దాచుకుంటాయి. అది ఇంకా ప్రమాదం, తిరిగి తెరిచినప్పుడు టూల్ ఆ ముక్కను విప్పలేక పాఠమే తెరుచుకోదు.

నిండకుండానే వెనక్కి పోతుంటే ఎగ్జిట్ విలువ (పాఠం నుంచి ఎలా బయటికి వెళ్లారో చెప్పేది) చూడండి. ఫినిష్‌కు ముందు అది "సస్పెండ్" అని ఉండాలి. ఖాళీగా వదిలితే ఎల్ఎంఎస్ తదుపరి తెరవడాన్ని కొత్త ప్రయత్నంగా లెక్కించవచ్చు.

#5 · పాఠాలపెట్టె

సస్పెండ్ డేటా ఎంత ఉందో ఎలా చూడాలి? మూడుల్‌లో ఏపీఐ డీబగ్ అని ఒక ఆప్షన్ కనిపించింది, అదేనా?

#6 · కమిట్‌కొట్టు

అదే. సైట్ అడ్మిన్‌లో స్కార్మ్ సెట్టింగుల కింద ఉంటుంది. ఆన్ చేస్తే పాఠం వేసే ప్రతి పిలుపు, దానికి వచ్చిన ఎర్రర్ నంబరు వరుసగా కనిపిస్తాయి. పని అయ్యాక ఆపేయడం మరవొద్దు.

నంబర్లలో తరచూ తగిలేవి: 301 అంటే ఇనిషియలైజ్ జరగకముందే లేదా ఫినిష్ అయ్యాక పిలిచారు. 403 అంటే చదవడానికి మాత్రమే ఉన్నదాంట్లో రాయబోయారు. 404 దానికి తిరగబడి, రాయడానికి మాత్రమే ఉన్నది చదవబోయారు (1.2లో ప్రశ్నల జవాబులు ఇలాంటివే, పంపాక తిరిగి అడగలేరు). 405 అంటే విలువ రూపం తప్పు. సమయం దగ్గర ఇది ఎక్కువ: 1.2కు 00:05:30 లాగా రెండు చుక్కల రూపం కావాలి, కొన్ని టూల్స్ ఒట్టి సెకన్లు పంపుతాయి.

#7 · అక్షరలక్ష

సస్పెండ్ డేటా గురించి తెలుగు పాఠాలు చేసేవాళ్లకు ప్రత్యేకంగా ఒకటి. 4096 అన్నది అక్షరాల లెక్క, కానీ ఏది అక్షరం? "క్షి" కంటికి ఒకటి. యూనికోడ్‌లో క, పొల్లు, ష, గుడి కలిసి 4. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 12. డేటాబేస్ కాలమ్ బైట్లలో కొలిస్తే మూడో వంతుకే నిండుతుంది.

అసలు దెబ్బ ఇంకోచోట. కొన్ని పాఠాలు విలువను పంపేముందు యూఆర్ఎల్ కోడింగ్ చేస్తాయి. అప్పుడు ఒక్కో తెలుగు సంకేతం శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలవుతుంది. 4096లో పట్టేది 455 సంకేతాలు, అంటే రెండు మూడు పేరాలు కూడా కాదు. విద్యార్థి పొడుగు జవాబు టైప్ చేసే పెట్టె ఒక్కటుంటే చాలు, నిండిపోవడానికి. టైప్ చేసిన పాఠ్యాన్ని సస్పెండ్ డేటాలో పెట్టొద్దని టూల్‌కు చెప్పండి. లేదా ఆ పని ఎల్ఎంఎస్ అసైన్‌మెంట్‌కు వదిలేయండి.

ఇంకా, జిప్ లోపలి ఫైళ్ల పేర్లు తెలుగులో పెట్టకండి. జిప్‌లో పేరు యూటీఎఫ్-8 అని తెలిపే గుర్తు కొన్ని ప్రోగ్రాములు పెట్టవు, విప్పాక పేరు చెత్తగా మారి మానిఫెస్ట్‌లో రాసినదానితో కలవదు. ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు, అడ్డగీత, వీటితో సరిపెట్టుకోండి. చిన్న పెద్ద అక్షరాల తేడా విండోస్‌లో కనబడదు, లైనక్స్ సర్వర్‌లో పేజీ దొరకదు.

#8 · మానిఫెస్ట్‌మామ

జిప్ మాట వచ్చింది కాబట్టి: "మానిఫెస్ట్ కనబడలేదు" అనే ఎర్రర్‌కు నూటికి తొంభై సార్లు కారణం, ఫోల్డర్‌ను బయట నుంచి జిప్ చేయడం. జిప్ తెరవగానే మానిఫెస్ట్ ఫైలు మొదటి అంతస్తులోనే ఉండాలి. ఫోల్డర్ లోపలికి వెళ్లి, అన్నీ ఎంచుకుని, అక్కడ జిప్ చేయండి.

#9 · వరుసక్రమం

రెండో ప్రశ్నకు వస్తాను. 2004 తీసుకుంటే మూడో ఎడిషన్ (2006) లేదా నాలుగోది (2009). రెండోది వద్దు, ఎందుకంటే అందులో సస్పెండ్ డేటా 4000 మాత్రమే. మూడోది నుంచి 64,000.

2004లో నాకు నచ్చేది ఒక్క మార్పు. 1.2లో లెసన్ స్టేటస్ అనే ఒకే గదిలో "పూర్తి చేశాడు", "ఉత్తీర్ణుడయ్యాడు" రెండూ ఇరుక్కున్నాయి. పాఠమంతా చదివి పరీక్షలో తప్పినవాడికి ఏం రాయాలి? ఫెయిల్డ్ అంటే పూర్తి చేసిన సంగతి పోతుంది, కంప్లీటెడ్ అంటే తప్పిన సంగతి పోతుంది. 2004 దాన్ని కంప్లీషన్ స్టేటస్, సక్సెస్ స్టేటస్ అని రెండుగా విడదీసింది. మార్కుకు కూడా −1 నుంచి 1 వరకు ఉండే స్కేల్డ్ విలువ ఇచ్చింది.

ఇక నచ్చనిది, సీక్వెన్సింగ్. ఈ పాఠం పాసైతేనే ఆ పాఠం తెరుచుకోవాలి, రెండుసార్లు తప్పితే మొదటికి పంపాలి అనే నియమాలను మానిఫెస్ట్‌లో ఎక్స్‌ఎంఎల్‌గా రాయడం. కాగితం మీద అద్భుతం. అమలు చేయడం ఎల్ఎంఎస్‌ల వల్ల కాలేదు. మూడుల్ 2004 ప్యాకేజీని తెరుస్తుంది, ట్రాక్ చేస్తుంది, సీక్వెన్సింగ్‌ను పూర్తిగా పాటించదు. కాబట్టి 2004లో పబ్లిష్ చేస్తే ఒక ప్యాకేజీకి ఒకే ఎస్‌సీఓ (ఎల్ఎంఎస్ విడిగా ట్రాక్ చేసే పాఠం ముక్క) పెట్టండి, వరుస నియమాలు ఎల్ఎంఎస్‌లోనే "ఇది పూర్తయితేనే అది" అని పెట్టుకోండి.

1.2 మానిఫెస్ట్‌ను చేత్తో 2004గా మార్చాలని చూసేవాళ్లు తగులుకునేవి: ఆబ్జెక్ట్ పేరు ఏపీఐ నుంచి ఏపీఐ_1484_11 అయింది. ఫంక్షన్ల పేర్ల ముందున్న ఎల్ఎంఎస్ అనే ముక్క పోయింది, ఫినిష్ కాస్తా టెర్మినేట్ అయింది. సమయం ఐఎస్ఓ రూపంలోకి మారింది, అయిదున్నర నిమిషాలు పీటీ5ఎం30ఎస్ అవుతుంది. మానిఫెస్ట్‌లో స్కార్మ్‌టైప్ అనే యాట్రిబ్యూట్‌లో టీ చిన్నక్షరం కాస్తా పెద్దక్షరమైంది. ఈ ఆఖరిది కంటికి ఆనదు, గంటలు తింటుంది.

#10 · ఎవరుఏంచేశారు

అందరూ స్కార్మ్ చుట్టూనే తిరుగుతున్నారు. 2013లోనే ఎక్స్‌ఏపీఐ 1.0 వచ్చింది కదా, నేరుగా అందులోకి దూకితే పోలేదా? ఎవరు, ఏం చేశారు, దేన్ని అని ఒక వాక్యం (స్టేట్‌మెంట్) జేసన్ అనే డేటా రూపంలో రాసి ఎల్ఆర్ఎస్‌కు (ఆ వాక్యాలు దాచే సర్వర్) పంపడమే. బ్రౌజర్ అక్కర్లేదు, ఎల్ఎంఎస్ అక్కర్లేదు, మొబైల్ యాప్ పంపగలదు, సిమ్యులేటర్ పంపగలదు. 2023లో ఐఈఈఈ ప్రమాణంగా 2.0 కూడా అయింది.

#11 · వరుసక్రమం

దూకొచ్చు, కానీ ఎక్స్‌ఏపీఐ చెప్పనివి చూడండి. పాఠం ఎలా తెరవాలో చెప్పదు. పాఠానికి లాగిన్ ఎవరిస్తారో చెప్పదు. "పూర్తి" అంటే ఏమిటో చెప్పదు. ఒక టూల్ కంప్లీటెడ్ అంటుంది, ఇంకోటి ఫినిష్డ్ అంటుంది, మూడోది సొంత క్రియాపదం కల్పిస్తుంది, మూడూ నియమబద్ధమే. ఎల్ఆర్ఎస్ అన్నీ దాస్తుంది, రిపోర్టు మాత్రం ఎవరికీ రాదు.

ఇంకా కొన్ని చిక్కులు. స్టేట్‌మెంట్ ఒకసారి పడితే దిద్దడం లేదు, చెరపడం లేదు. తప్పు పడితే దాన్ని వాయిడ్ చేస్తూ ఇంకో స్టేట్‌మెంట్ పంపాలి. మనిషిని ఈమెయిల్‌తో గుర్తిస్తే, ఈమెయిల్ మారిన రోజున ఒక మనిషి ఇద్దరవుతారు. ఖాతా పేరుతో గుర్తించడం ఎప్పుడూ క్షేమం. వెర్షన్ తెలిపే హెడర్ లేకుండా పంపితే 400 వస్తుంది. "ఎల్ఆర్ఎస్ పనిచేయట్లేదు" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇవే.

ఇక అన్నింటికన్నా ఘోరం: కొన్ని టూల్స్ ఎక్స్‌ఏపీఐకి పబ్లిష్ చేసేటప్పుడు ఎల్ఆర్ఎస్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగి జావాస్క్రిప్ట్ ఫైల్లోనే రాసేస్తాయి. పాఠం తెరిచిన ఎవరైనా ఎఫ్12 నొక్కి చూడొచ్చు, ఎవరి పేరు మీదైనా పాసైనట్టు పంపొచ్చు. అలాంటి ప్యాకేజీ బయటికి వెళ్లనివ్వకండి.

#12 · ఎవరుఏంచేశారు

అందుకే సీఎంఐ5 పుట్టింది కదా అనబోతున్నారు. సరే, ఒప్పుకుంటున్నా. దాని వివరం నేనే రాస్తా.

సీఎంఐ5ని మొదలుపెట్టింది ఏఐసీసీయే. 2014లో ఆ సంఘం మూతపడినప్పుడు పని ఏడీఎల్ చేతికి వచ్చింది, 2016 జూన్‌లో మొదటి పూర్తి విడుదల. ఎక్స్‌ఏపీఐ పైన "ఎల్ఎంఎస్ నుంచి తెరిచే పాఠం ఇలా నడుచుకోవాలి" అనే నియమాలు పెట్టింది, అంతే.

నడక ఇలా ఉంటుంది. ఎల్ఎంఎస్ పాఠాన్ని తెరుస్తూ చిరునామాలో 5 విలువలు ఇస్తుంది: ఎల్ఆర్ఎస్ ఎండ్‌పాయింట్, ఫెచ్ చిరునామా, యాక్టర్, రిజిస్ట్రేషన్, యాక్టివిటీ ఐడీ. పాఠం ఆ ఫెచ్ చిరునామాకు పోస్ట్ వేస్తే ఎల్ఆర్ఎస్‌తో మాట్లాడడానికి అనుమతిచ్చే టోకెన్ వస్తుంది. తర్వాత స్టేట్ ఏపీఐ నుంచి లాంచ్ డేటా చదవాలి. అందులో మోడ్, మాస్టరీ స్కోర్ (పాస్ మార్కు), మూవ్ఆన్, స్టేట్‌మెంట్లకు అతికించాల్సిన కాంటెక్స్ట్ మూస ఉంటాయి. ఆపైన ఇనిషియలైజ్డ్ పంపాలి. చివరిది టెర్మినేటెడ్. మధ్యలో కంప్లీటెడ్, పాస్డ్ లేదా ఫెయిల్డ్.

పగిలే చోట్లు:

ఫెచ్ చిరునామా ఒకసారి చింపిన టికెట్టు. విద్యార్థి పేజీ రిఫ్రెష్ కొడితే రెండోసారి టోకెన్ రాదు, ఎర్రర్ వస్తుంది. వచ్చిన టోకెన్‌ను సెషన్ స్టోరేజ్‌లో పెట్టుకుని, రిఫ్రెష్ అయితే అక్కడి నుంచి తీసుకోవాలి.

మాస్టరీ స్కోర్ 0.8 అని ఉండగా 0.75 స్కోరుతో పాస్డ్ పంపితే ఎల్ఎంఎస్ తిరస్కరించాలి. పాస్ మార్కును పాఠంలో గట్టిగా రాసేయకుండా లాంచ్ డేటా నుంచే చదవండి.

మోడ్ బ్రౌజ్ లేదా రివ్యూ అయితే కంప్లీటెడ్, పాస్డ్, ఫెయిల్డ్ పంపకూడదు. చేత్తో రాసిన పాఠాల్లో దీన్ని మరచిపోతారు.

కోర్సు ఫైల్లో మూవ్ఆన్ అనేది ఏ షరతుతో పాఠం తీరినట్టో చెబుతుంది: పాస్డ్, కంప్లీటెడ్, రెండూ, రెండింట్లో ఏదైనా, లేదా వర్తించదు. రాయకుండా వదిలేస్తే వర్తించదు అనే అర్థం, అంటే ఎవరూ తెరవకముందే తీరినట్టు లెక్క! రిపోర్టులో అందరూ పూర్తిచేసినట్టు కనిపిస్తే ముందు ఇది చూడండి.

పాఠాలపెట్టె గారి విండో గొడవకు ఇక్కడో చిన్న లాభం ఉంది. కంప్లీటెడ్ అన్నది పంపిన క్షణమే ఎల్ఆర్ఎస్‌లో పడిపోతుంది. తర్వాత విండో ఎలా మూసినా అది పోదు. టెర్మినేటెడ్ రాకపోతే ఎల్ఎంఎస్ తర్వాత ఆ సెషన్‌ను అబాండన్డ్ అని గుర్తిస్తుంది, పూర్తయిన సంగతి చెక్కుచెదరదు.

#13 · మానిఫెస్ట్‌మామ

నేను పైన గుర్తుంచుకోమన్నది ఇక్కడికే. స్కార్మ్ పాఠం ఎల్ఎంఎస్‌ను వెతికేది తల్లి విండోల గుండా పైకి ఎక్కుతూ. వాడుకలో ఉన్న నమూనా కోడ్ 7 మెట్లు ఎక్కి ఆగిపోతుంది. మధ్యలో ఒక్క విండో వేరే డొమైన్‌దైనా బ్రౌజర్ అడ్డం పడుతుంది. అందుకే స్కార్మ్ పాఠాన్ని సీడీఎన్‌లో (ఫైళ్లు అందించే బయటి సర్వర్లు) పెట్టడం ఇంత తంటా. హెచ్‌ఏసీపీకి ఆ బాధ లేదు, సీఎంఐ5కూ లేదు. ఏఐసీసీ వాళ్లు మొదట్లో సరిగ్గా పట్టుకున్నదాన్ని స్కార్మ్ సౌకర్యం కోసం వదిలేసింది, సీఎంఐ5 మళ్లీ తెచ్చింది.

#14 · కుకీకష్టాలు

పాఠం కాకుండా నడిచే టూల్ అయితే, అంటే ప్రోగ్రామింగ్ ల్యాబ్, వీడియో క్విజ్, వర్చువల్ ప్రయోగశాల లాంటివైతే, వీటన్నిటినీ వదిలి ఎల్‌టీఐ (ఎల్ఎంఎస్ నుంచి బయటి టూల్‌ను తెరిచే ప్రమాణం) చూడండి. 1.0 2010లో, 1.3 2019లో. 1.1లో ఒక రహస్య కీతో ఫారం మీద సంతకం. అది తప్పయితే దాదాపు ఎప్పుడూ కారణం రెండే: సర్వర్ గడియారం తేడా, లేదా ప్రాక్సీ వెనక ఉన్న టూల్ తన చిరునామాను హెచ్‌టీటీపీ అనుకోవడం, అవతల సంతకం హెచ్‌టీటీపీఎస్‌తో చేయడం.

1.3లో ఎల్ఎంఎస్ మొదట టూల్ లాగిన్ చిరునామాకు వస్తుంది. టూల్ స్టేట్ (తిరిగొచ్చిన జవాబు తనదేనని గుర్తుపట్టే విలువ), నాన్స్ (ఒక్కసారికే వాడే విలువ) తయారుచేసి ఎల్ఎంఎస్‌కు తిప్పి పంపుతుంది. ఎల్ఎంఎస్ సంతకం చేసిన ఐడీ టోకెన్‌ను ఫారం పోస్టుతో ఇస్తుంది. టూల్ సంతకాన్ని ఎల్ఎంఎస్ పబ్లిక్ కీతో సరిచూసి, జారీదారు, క్లయింట్ ఐడీ, గడువు, నాన్స్, డిప్లాయ్‌మెంట్ ఐడీ అన్నీ కలుస్తున్నాయా చూడాలి.

ఎక్కువమంది ఆగేది స్టేట్ దగ్గర. టూల్ ఆ స్టేట్‌ను కుకీలో పెడుతుంది, ఎల్ఎంఎస్ పేజీ లోపలి ఐఫ్రేమ్‌లో అది మూడో పక్షం కుకీ. 2020లో క్రోమ్ సేమ్‌సైట్ నియమం బిగించింది, సఫారీ మూడో పక్షం కుకీలను మొత్తం ఆపేసింది. సేమ్‌సైట్ నన్, సెక్యూర్ రెండూ పెడితే క్రోమ్‌లో చాలావరకు సరి. సఫారీలో మాత్రం టూల్‌ను కొత్త విండోలో తెరవడం తేలిక దారి. లేదంటే ఎల్ఎంఎస్ ఒప్పుకుంటే పోస్ట్‌మెసేజ్ ద్వారా స్టేట్‌ను దాని దగ్గరే దాచే పద్ధతి ఉంది.

మార్కులు పంపేచోట ఇంకో గుంట. లైన్ ఐటమ్ (గ్రేడ్‌బుక్‌లో ఒక మార్కుల కాలమ్) చిరునామా చివర స్కోర్స్ అని కలిపి పోస్ట్ వేయాలని చదివి, కోడ్‌లో గుడ్డిగా చివర అతికిస్తారు. మూడుల్ ఇచ్చే చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాత పారామీటర్ ఉంటుంది. స్కోర్స్ అనే ముక్క ప్రశ్నార్థకానికి ముందు చేరాలి. వేరే ఎల్ఎంఎస్‌లో పరీక్షించి బాగుందనుకున్న టూల్ మూడుల్‌లో పడిపోయేది ఇక్కడే. ఆపైన గ్రేడింగ్ ప్రోగ్రెస్ విలువ ఫుల్లీ గ్రేడెడ్ అని లేకపోతే మార్కు చేరినా గ్రేడ్‌బుక్‌లో కనబడకపోవచ్చు. టైమ్‌స్టాంప్ మునుపటిదానికన్నా తర్వాతిదై ఉండాలి.

#15 · ప్రశ్నలగంప

ఎవరూ ప్రశ్నల ఊసెత్తలేదు. ప్రశ్నలు ప్యాకేజీ లోపల ఉంటే అవి టూల్‌కు బందీలు. విడిగా ప్రశ్నల బ్యాంకులో ఉంచుకోండి. మార్పిడికి క్యూటీఐ అనే ప్రమాణం ఉంది, కానీ దాని వెర్షన్లు 1.2 (2002), 2.1 (2012), 3.0 (2022) ఒకదానికొకటి చదవవు. అవతల ఎల్ఎంఎస్ ఏ వెర్షన్ తీసుకుంటుందో అడగకుండా ఎగుమతి చేయొద్దు. బహుళైచ్ఛికాలు దాటుతాయి. పాక్షిక మార్కులు, జతపరచడం, బొమ్మల దారులు దారిలో రాలిపోతాయి. దాటాక ఒక్కో రకానికి కనీసం ఒక ప్రశ్న తెరిచి, తప్పు జవాబు కూడా ఇచ్చి చూడండి. మూడుల్‌లోనే ఉండేట్లయితే మూడుల్ ఎక్స్‌ఎంఎల్ చాలు. గిఫ్ట్ (ప్రశ్నలను మామూలు టెక్స్ట్‌గా రాసే రూపం) రాయడం తేలికే కానీ మీసాల బ్రాకెట్లు, సమం గుర్తు, కోలన్ ముందు వెనకగీత పెట్టాలి. లేటెక్ గణితం ఉంటే ఆ గీతలు పెట్టేసరికి ప్రాణం పోతుంది.

#16 · పాఠాలపెట్టె

అందరికీ ధన్యవాదాలు. అనుకుంటున్నది ఇది: ఫ్లాష్ ఉన్నవి ఏరి మూల ఫైళ్ల నుంచి మళ్లీ పబ్లిష్. హెచ్‌టీఎంఎల్5 1.2 ప్యాకేజీలు అలాగే, ఆటో కమిట్ ఆన్. సస్పెండ్ డేటా నిండుతున్నవి మాత్రం 2004 మూడో ఎడిషన్, ఒకే ఎస్‌సీఓ. సీఎంఐ5 కొత్త వాటిలో ఒకదానితో మొదలు. మళ్లీ పబ్లిష్ చేసినవి పాత యాక్టివిటీలోనే ఎక్కిస్తే ఇప్పటిదాకా ఉన్న మార్కులు నిలుస్తాయా?

#17 · మానిఫెస్ట్‌మామ

మానిఫెస్ట్‌లో ఐటమ్ ఐడెంటిఫయర్ పాతదే ఉంటే నిలుస్తాయి. మారితే మూడుల్ దాన్ని కొత్త ఎస్‌సీఓ అనుకుంటుంది, పాత ప్రయత్నాలతో లంకె తెగుతుంది. కొన్ని టూల్స్ పబ్లిష్ చేసిన ప్రతిసారీ కొత్త ఐడెంటిఫయర్ పుట్టిస్తాయి. రెండు జిప్పుల మానిఫెస్ట్‌లు పక్కపక్కన తెరిచి పోల్చండి, అవసరమైతే పాతది చేత్తో పెట్టండి (ఆర్గనైజేషన్ ఐడెంటిఫయర్‌తో సహా). దానికి ముందు గ్రేడ్‌బుక్ ఎగుమతి, కోర్సు బ్యాకప్ రెండూ.

1.2 నుంచి 2004కు మారేవాటిని మాత్రం పాత యాక్టివిటీలో ఎక్కించకండి. స్టేటస్ గదులు వేరు, సస్పెండ్ డేటా రూపం వేరు. కొత్త యాక్టివిటీ పెట్టి, పాతదాన్ని దాచి ఉంచండి.

#18 · కమిట్‌కొట్టు

సగంలో ఉన్నవాళ్ల సంగతి కూడా చూసుకోండి. ఐడెంటిఫయర్ ఒకటే ఉంచినా స్లైడ్ల సంఖ్య మారితే పాత సస్పెండ్ డేటా కొత్త పాఠానికి అర్థం కాదు, కొన్ని టూల్స్‌లో తెర తెల్లగా ఆగిపోతుంది. అలాంటివాళ్ల ప్రయత్నాన్ని తీసేసి కొత్తగా మొదలుపెట్టించాలి, పూర్తయినవాళ్లను కదపనక్కర్లేదు.

#19 · ఎవరుఏంచేశారు

సీఎంఐ5కి ఒక చేర్పు. మీ మూడుల్‌లో దాన్ని తెరిచే ప్లగిన్, వెనక ఎల్ఆర్ఎస్ రెండూ ఉన్నాయో లేదో ముందు తేల్చుకోండి. ప్యాకేజీ సరిగ్గా ఉందా అన్నది వేరుగా పరీక్షించడానికి ఏడీఎల్ కాటపుల్ట్ ప్రాజెక్టులో కంటెంట్ టెస్ట్ సూట్ ఉంది. స్కార్మ్ క్లౌడ్‌లో కూడా ఎక్కించి చూడొచ్చు. అక్కడ నడిచి మీ దగ్గర నడవకపోతే తప్పు ప్యాకేజీది కాదు, ప్లగిన్ లాగ్ దగ్గర మొదలుపెట్టండి.